నెల్లూరు నుంచి మంచుకొండలకు: హెలీ, స్నోక్యాట్ స్కీ గైడ్ కావాలంటే ఏం చేయాలి

హెలికాప్టర్ మిమ్మల్నీ, మీ వెంట వచ్చిన నలుగురు అతిథుల్నీ కొండ నెత్తిన దించి వెళ్ళిపోతుంది. అక్కణ్ణించి లోయ దాకా గీసిన దారంటూ ఏమీ లేదు. రాత్రి కురిసిన మంచు మోకాలి లోతుంది. ఏ వాలు మీద దిగాలి, ఏ వాలు జోలికి పోకూడదు, ఎవరు ముందు, ఎవరు వెనక, ఎక్కడ ఆగాలి, అన్నీ మీ నోటి నుంచే రావాలి. కాళ్ళకు పొడవాటి పలకలు (స్కీలు) కట్టుకుని మంచు మీద జారుతూ దిగేవాళ్ళకు దారి చూపే హెలీ స్కీ గైడ్ పని ఇదీ. స్నోక్యాట్ గైడ్ పనీ దాదాపు ఇదే. హెలికాప్టర్‌కు బదులు వెడల్పాటి చైన్ల మీద నడిచే బండి ఓ పన్నెండు మందిని ఎక్కించుకుని పైకి తీసుకెళ్తుంది. మబ్బు కమ్మి హెలికాప్టర్ లేవలేని రోజున కూడా క్యాట్ కదులుతుంది.

ఈ వృత్తికి పుట్టిల్లు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా. ఆస్ట్రియా నుంచి వలస వెళ్ళిన గైడ్ హన్స్ గ్మోజర్ 1965లో బుగబూ పర్వతాల్లో హెలీ స్కీయింగ్‌ను వృత్తిగా నిలబెట్టారు. స్నోక్యాట్‌తో అతిథుల్ని తీసుకెళ్ళడం అదే రాష్ట్రంలో 1975లో మొదలైంది. ఇప్పుడు ఈ వృత్తి అలాస్కాలో, న్యూజిలాండ్‌లో, ఐస్‌లాండ్‌లో, జార్జియాలో ఉంది. మన దేశంలో గుల్మార్గ్‌లో, మనాలిలో హెలీ స్కీయింగ్ చూస్తాం.

నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం వైపు నుంచి ఈ పని నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళకీ ఆడపిల్లలకీ నేను గట్టిగా చెప్పదలిచింది ఒకటే. హెలికాప్టర్ చిట్టచివర వస్తుంది. దానికి ముందు కొన్ని చలికాలాలు మంచులో బతకాలి. ఆ చలికాలాలకు అడ్డదారి లేదు, డబ్బుతో కొనలేం. కానీ వాటికి కావాల్సిన తయారీలో చాలా భాగం మన ఎండలో, మన ఇసుకలో చేసుకోవచ్చు.

ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడండి

మొదటిసారి స్కీ కట్టుకున్న రోజు నుంచి ఒక సంస్థలో గైడ్‌గా జీతం తీసుకునే రోజుకు ఆరేడేళ్ళు పడుతుందని లెక్క వేసుకోండి. మంచులో పుట్టి పెరిగినవాళ్ళకు ఇంకాస్త తక్కువ. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున పాల్గొన్న ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ గుల్మార్గ్ పక్కనే పెరిగినవాడు. అలాంటివాళ్ళతో పోటీ పడుతున్నామని గుర్తుంచుకుని మొదలుపెట్టాలి.

ఖర్చు లక్షల్లో ఉంటుంది, అదీ ఒక్కసారిగా కాదు, ఏడాదికింత చొప్పున. సంపాదన చలికాలం నాలుగైదు నెలలకే. మిగతా ఏడాదికి ఇంకో పని ఉండాలి. అందుకే డిగ్రీ మానేసి వెళ్ళొద్దని నా సలహా. చదువు చేతిలో ఉంటే వీసాకూ పనికొస్తుంది, ఆ సంగతి కింద చెప్తాను.

ఇంట్లో అమ్మానాన్నలు ప్రాణభయం గురించి అడుగుతారు. దాటేయకండి. మన నెల్లూరు జిల్లా గాంధీజనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కారు. ఐఐటీ, ఐఐఎం చదివిన మనిషి, కొండనే ఎంచుకున్నారు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. ఆయన పేరు చెప్పి ధైర్యం ఇవ్వాలనుకుంటే ఆ రెండో మాట కూడా చెప్పాలి. హెలీ స్కీయింగ్‌లోనూ గైడ్లు పోయారు. 2021 మార్చిలో అలాస్కాలో హెలికాప్టర్ కూలి అయిదుగురు చనిపోతే వాళ్ళలో ఇద్దరు గైడ్లు. ఇది తెలిసి ఒప్పుకున్న ఇల్లే ఆరేడేళ్ళు మీ వెనక నిలబడుతుంది.

ఒళ్ళు ఇక్కడే తయారు చేసుకోండి

స్కీయింగ్‌లో తొడలు దిగేటప్పుడు పనిచేస్తాయి. కండరం సాగుతూనే బరువు ఆపుతుంటుంది. పరుగు ఎంత పెట్టినా ఈ బలం రాదు, మెట్లూ కొండలూ దిగితే వస్తుంది. ఉదయగిరి దుర్గం ఉంది కదా, దాన్ని ఎక్కండి, కానీ మీ అసలు కసరత్తు దిగడమని గుర్తుంచుకోండి. మొదట ఖాళీ వీపుతో, తర్వాత అయిదు కిలోల సంచితో, ఆర్నెల్లు పోయేసరికి పన్నెండు, పదిహేను కిలోలతో. గైడ్ వీపు మీద తాడు, పార, ప్రథమచికిత్స సామాను, రేడియో, అదనపు చలిబట్టలు కలిపి రోజూ ఉండే బరువు దాదాపు అంతే. ప్రకాశం వైపువాళ్ళకు కనిగిరి కొండ, భైరవకోన చుట్టుపక్కల గుట్టలు ఉన్నాయి. అలిపిరి మెట్ల దారిలో దిగి రావడం కూడా మంచి పరీక్షే. మర్నాడు తొడలు పట్టేస్తే ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

రోహిణి కార్తెలో పగటిపూట కొండెక్కకండి. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఏడున్నరకల్లా కింద ఉండాలి. ఎండదెబ్బ కొట్టించుకోవడంలో శిక్షణ ఏమీ లేదు.

మోకాలు ఈ వృత్తికి పెట్టుబడి. స్కీయర్లకు ఎక్కువగా తెగేది మోకాలి లోపలి లిగమెంటు. ఒంటికాలి మీద కూర్చుని లేవడం, పక్కకి గెంతి ఒంటికాలి మీద నిలబడడం వారానికి మూడు రోజులు చేయండి. పాత నొప్పి ఏదైనా ఉంటే ఫిజియోథెరపిస్టుకు చూపించాకే ముందుకు కదలండి.

ఇన్‌లైన్ స్కేటింగ్ నేర్చుకోండి. చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే స్కేట్లు. మలుపు తిరిగేటప్పుడు బరువు బయటి కాలి మీదికి జారడం, చూపు ముందుండడం, చీలమండ వంగడం, ఇవన్నీ స్కీ మీద మళ్ళీ ఎదురవుతాయి. తెల్లవారక ముందు ఖాళీగా ఉండే కొత్త లేఅవుట్ రోడ్డు ఒకటి చూసుకుంటే చాలు, హెల్మెట్ మాత్రం తప్పదు.

పెన్నా ఇసుకలో బీకన్ నేర్చుకోండి

మన ప్రాంతంలో ఉండి నిజంగా గైడ్ స్థాయికి నేర్చుకోగల విద్య ఇది. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

బీకన్ అంటే ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో పరికరం. ప్రపంచమంతా ఒకటే పౌనఃపున్యం, 457 కిలోహెర్ట్జ్. కొండ మీద ఉన్నంతసేపూ అందరి బీకన్లూ సంకేతం పంపుతుంటాయి. మంచు చరియ విరిగిపడి ఎవరైనా పూడిపోతే మిగతావాళ్ళు తమ బీకన్లను వెతికే పద్ధతిలోకి మార్చి ఆ సంకేతం పట్టుకుని పోతారు. మొదటి పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. అరగంట దాటిందంటే దాదాపు ముగ్గురిలో ఒకరే దక్కుతారు. హెలికాప్టర్‌లో సాయం రావడానికి పట్టే సమయం కంటే ఇది తక్కువ. కాబట్టి రక్షించేది పక్కనున్నవాళ్ళే, అంటే మీరే.

మూడు యాంటెనాల డిజిటల్ బీకన్లు రెండు సంపాదించండి. పాత ఒక యాంటెనా రకం ఎవరు ఊరికే ఇస్తానన్నా వద్దు. వేసవిలో పెన్నా ఎండిన చోట, మెత్తటి పొడి ఇసుక ఉన్న మేట చూసుకోండి. మైపాడు సముద్రపొడ్డున చేయకండి, ఉప్పునీటితో తడిసిన ఇసుక సంకేతాన్ని మింగేస్తుంది. పెన్నాలో ఇసుక తవ్విన గుంతలుంటాయి, నీళ్ళు నిలిచినవి మరీ లోతు. పగలు వెళ్ళి నేల చూసుకున్నాకే సాధన. సోమశిల నుంచి నీళ్ళు వదిలారన్న కబురుంటే ఆ రోజు నదిలోకి దిగొద్దు.

ఒక బీకన్‌ను సంకేతం పంపే పద్ధతిలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, గోనెసంచిలో చుట్టి, మీకు కనబడకుండా స్నేహితుడు అర మీటరు లోతున పాతిపెట్టాలి. మనిషిని మాత్రం సరదాకు కూడా పాతకండి, ఇసుక క్షణాల్లో ఊపిరి ఆపేస్తుంది. మీరు యాభై మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టండి. ఫోను, స్మార్ట్ వాచీ ఆపేసి దూరంగా పెట్టండి, అవి బీకన్‌ను తప్పుదారి పట్టిస్తాయి.

మొదట సంకేతం దొరికేదాకా వేగంగా నడక. దొరికాక బాణం గుర్తు చూపిన వైపు పోవాలి. అంకె తగ్గుతుంటే సరైన దారి, పెరుగుతుంటే వెనక్కి తిరగాలి. ఆ దారి సూటిగా ఉండదు, వంపు తిరుగుతుంది, కంగారు పడొద్దు. అంకె మూడు దగ్గరికి రాగానే నడక ఆపి, వంగి, బీకన్‌ను నేలకు ఆనించినంత కిందికి తెచ్చి మెల్లగా జరపండి. ముందుకీ వెనక్కీ జరిపి అతి తక్కువ అంకె పట్టుకోండి. అక్కణ్ణించి కుడికీ ఎడమకీ. జరిపేటప్పుడు బీకన్‌ను తిప్పకూడదు. తక్కువ అంకె దొరికిన చోట గుర్తు పెట్టి ప్రోబ్ దించాలి. అసలు ప్రోబ్ మడతపెట్టే అల్యూమినియం కడ్డీ, ఇసుకలో వంగిపోతుంది. సాధనకు ఇనుప సామాన్ల కొట్లో దొరికే సన్నటి చువ్వ వాడండి. నేలకు లంబంగా దించి, తగలకపోతే పాతిక సెంటీమీటర్లు ఎడంగా, మధ్య నుంచి బయటికి చుట్టలు తిరుగుతూ పోవాలి. గోనెసంచి తగిలినప్పుడు చేతికి తెలుస్తుంది. రాయి తగిలితే టక్కుమంటుంది, సంచి తగిలితే చువ్వ చిన్నగా వెనక్కి తంతుంది. ఆ తేడా వేళ్ళకు అలవాటయ్యేదాకా చేయండి. తగిలాక చువ్వ తీయకూడదు, అదే మీ గుర్తు.

తవ్వడం అన్నిటికన్నా ఎక్కువ సమయం తినే పని. ఆగిపోయిన చరియలో మంచు గట్టిపడిపోతుంది. చువ్వకు నేరుగా పైనుంచి తవ్వొద్దు. వాలులో దిగువకు జరిగి, పూడిన లోతుకు ఒకటిన్నర రెట్ల దూరం నుంచి లోపలికి తవ్వుకుంటూ రండి. ఇద్దరుంటే ముందువాడు కోసి వెనక్కి తోస్తాడు, రెండోవాడు ఆ కుప్పను ఇంకా వెనక్కి తెడ్డు వేసినట్టు నెడతాడు. ఎత్తి పోయడం మొదలుపెడితే రెండు నిమిషాల్లో చేతులు పడిపోతాయి.

స్నేహితుడి చేత గడియారం పట్టించండి. పాతిన ఒక బీకన్ అయిదు నిమిషాల్లో దొరికే స్థాయికి వచ్చాక మూడోది అరువు తెచ్చుకుని, ఇద్దరు పూడిపోయినట్టు సాధన చేయండి. గైడ్ పరీక్షల్లో ఒకరికి మించి పూడినవాళ్ళను వెతకమనడం మామూలే.

మంచు మీద తొలి అడుగు

గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరిట ఉన్న పర్వతారోహణ సంస్థ 1961 నుంచి నడుస్తోంది, సోలంగ్ వాలుల మీద స్కీ కోర్సులు పెడుతుంది. ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉంది. ప్రభుత్వ సంస్థల్లో ఫీజు తక్కువ, స్కీలు, బూట్లు వాళ్ళే ఇస్తారు. కోర్సు సుమారు రెండు వారాలు. ప్రాథమిక కోర్సు, మధ్యమ కోర్సు, పైస్థాయి కోర్సు వరసగా చేయండి.

నెల్లూరు మీదుగా కత్రా వెళ్ళే రైళ్ళున్నాయి. 2025 జూన్ నుంచి కత్రా నుంచి శ్రీనగర్‌కు వందేభారత్ నడుస్తోంది కాబట్టి గుల్మార్గ్ ప్రయాణం మునుపటికన్నా తేలిక. హిందీ రాకపోతే ఈలోపు నేర్చుకోండి. శిక్షకుడు వాలు మీద నుంచి అరిచే మాట అర్థం కాకపోతే దెబ్బలు తగులుతాయి.

కోర్సు అయిపోగానే ఇంటికి తిరిగి రావడం మనవాళ్ళందరూ చేసే పని. అలా వస్తే గైడ్ కాలేరు. కోర్సు తర్వాత కనీసం ఒక నెల అక్కడే ఉండే ఏర్పాటు చూసుకోండి. ఒక హోటల్లో రిసెప్షన్ పనైనా, స్కీలు అద్దెకిచ్చే కొట్లో పనైనా పట్టండి. ఆ కొట్టు పని తక్కువది కాదు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బిగిస్తే పడ్డప్పుడు బూటు ఊడుతుందో, అంచులు ఎలా పదును పెట్టాలో, మైనం ఎలా రాయాలో అక్కడే వస్తుంది. రెండో చలికాలానికి చదునుచేసిన వాలులు వదిలి కురిసిన మంచు మీద తిరగడం మొదలుపెట్టండి. గుల్మార్గ్ గొండోలా (కేబుల్ కారు) రెండో దశ 3,900 మీటర్లు దాటి అఫర్వాత్ దాకా తీసుకెళ్తుంది. అక్కణ్ణించి వాలులన్నీ సిసలైన కొండే. అక్కడి స్కీ పెట్రోల్ (వాలుల భద్రత చూసే బృందం) తెరవని వైపు అడుగు పెట్టకండి. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాత్ మీద చరియ విరిగి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు.

మీ స్కీయింగ్ గైడ్ స్థాయికి వచ్చిందని ఎలా తెలుస్తుంది? పదిహేను కిలోల సంచితో, వెలుతురు సరిగా లేని మధ్యాహ్నం, పైన పెంకుకట్టి కింద మెత్తగా ఉన్న పాడు మంచు మీద, పడకుండా, వెనక్కి తిరిగి అతిథుల్ని చూసుకుంటూ దిగగలగాలి. మెత్తటి పొడి మంచులో అందంగా దిగడం అతిథులకూ వచ్చు.

కొండ చదువు

స్కీతో పాటు పర్వతారోహణ ప్రాథమిక కోర్సు చేయండి. డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలి, పహల్గాం, నాలుగు చోట్లా ప్రభుత్వ సంస్థలున్నాయి. దాదాపు నెల రోజుల కోర్సు. ‘ఏ’ (A) గ్రేడు వస్తేనే పైకోర్సులోకి తీసుకుంటారు, అందుకని మొదటిసారే ఒళ్ళు దాచుకోకుండా చేయండి. తాడు, ముడులు, హిమానీనదం మీద నడక, పగుల్లో పడ్డవాణ్ణి లాగడం అక్కడే వస్తాయి. తాడు విద్య ముందే కాస్త నేర్చుకోవాలంటే తెలంగాణలో భువనగిరి కోట రాతి మీద శిక్షణ ఉంది. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట రాయి పట్టుకుంది అక్కడే.

మంచును చదవడం

ఈ వృత్తి ప్రాణమంతా ఇక్కడుంది.

మంచు ఒక్కసారి కురిసేది కాదు. పొరలు పొరలుగా పడుతుంది, ప్రతి పొరకూ ఒక స్వభావం ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న చలిరాత్రుల్లో మంచు పైన ఈకల్లాంటి మెరిసే పలుకులు పుడతాయి. చూడ్డానికి ఎంతో బాగుంటాయి. వాటి మీద కొత్త మంచు కురిసి, గాలికి గట్టిపడి, అట్టలా తయారైతే, గచ్చు మీద ఆవాలు చల్లి పైన మార్కాపురం పలక పెట్టి వాల్చినట్టు ఉంటుంది పరిస్థితి. ఒక్క స్కీయర్ బరువు చాలు, వందల మీటర్ల వెడల్పున అట్ట తెగి జారుతుంది. ప్రాణాలు తీసిన చరియల్లో ఎక్కువ భాగం ఆ పూడిపోయినవాళ్ళో, వాళ్ళ తోటివాళ్ళో కదిలించినవే. కొండ తనంతట తాను పడిందని చెప్పుకునే వీలు గైడ్‌కు లేదు.

వాలు కోణం కొలవడం మొదటి అలవాటు. ముప్ఫై నుంచి నలభై అయిదు డిగ్రీల మధ్య అట్ట చరియలు ఎక్కువగా విరుగుతాయి. అందరూ దిగాలని ఉబలాటపడేదీ ఆ వాలుల మీదనే. ఫోన్లో కోణం కొలిచే సదుపాయం ఉంటుంది, ముందు ఉదయగిరి కొండ మీద కళ్ళతో అంచనా కట్టి తర్వాత కొలిచి చూసుకోండి. కన్ను కుదిరాక పరికరం తీయకుండానే ముప్ఫై అయిదుకూ ముప్ఫైకీ తేడా తెలుస్తుంది.

తర్వాత గాలి. గాలి ఎటు నుంచి వీస్తే దాని చాటు వైపున మంచు పోగుపడుతుంది. పైన ఒక్క రేకు మంచూ కురవకపోయినా ఆ వాలు ప్రమాదంగా మారుతుంది. ఎండ ఒక్కసారిగా కాయడం, ఒక రాత్రిలో ముప్ఫై సెంటీమీటర్లు కురవడం, అడుగేస్తే నేల లోపల బుస్సుమని కుంగిన చప్పుడు, స్కీ ముందు నుంచి పగులు పాకడం, ఆ చుట్టుపక్కల అప్పుడే విరిగిన చరియ. వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకు ఆ వాలు లేనట్టే.

గొయ్యి తవ్వి చూసే పరీక్ష కూడా నేర్చుకోవాలి. పక్కలన్నీ కోసి ముప్ఫై సెంటీమీటర్ల చదరపు స్తంభాన్ని విడదీసి, దాని మీద పార పెట్టి తడతారు. మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకు ఏ లోతున విరిగింది, విరిగిన ముక్క జారి ముందుకొచ్చిందా, ఊరికే నలిగిందా, అన్నీ రాసుకోవాలి. పరీక్ష బాగా వచ్చిందని వాలు తెరవకూడదు. చెడుగా వస్తే మాత్రం మూసేయాలి. గొయ్యి తవ్విన చోటుకీ ఇరవై మీటర్ల అవతలికీ మంచు వేరుగా ఉండొచ్చు.

ఇదంతా రోజువారీ రాతతో వస్తుంది. ఆ అలవాటు ఇక్కడే మొదలుపెట్టండి. పొద్దున ఏడింటికి ఉష్ణోగ్రత, గాలి ఏ దిక్కు, ఆకాశంలో మబ్బు ఎనిమిదో వంతుల్లో ఎంత, నిన్నటికీ ఇవాళ్టికీ మార్పేమిటి. కార్తీకమాసంలో వాయుగుండం వస్తుందంటే మన తీరంలో పిల్లాడి నుంచి ముసలాయన దాకా ఆకాశం చూస్తారు. ఆ చూపును కాగితం మీద పెట్టడమే ఇది. జనవరి రాగానే కశ్మీర్‌కు మంచు తెచ్చే పడమటి కల్లోలాల బులెటిన్లు, చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే మంచు చరియల హెచ్చరికలు రోజూ చదవండి. ప్రమాదాన్ని అయిదు స్థాయిల్లో చెప్తారు. మూడో స్థాయిని మధ్యరకమని తేలిగ్గా తీసుకోవద్దు, ఎక్కువమంది పోయేది ఆ రోజుల్లోనే.

సర్టిఫికెట్లు, వీసాలు

మన దేశంలో పనికి పై కోర్సులు, స్థానిక అనుభవం దారి చూపిస్తాయి. ప్రపంచంలో ఎక్కడైనా పని చేయాలంటే కెనడా దారి అన్నిటికంటే స్పష్టంగా ఉంటుంది. మొదట సాధారణ స్కీయర్లకు పెట్టే చరియల భద్రత కోర్సులు రెండు. తర్వాత కెనడియన్ అవలాంచ్ అసోసియేషన్ వృత్తి శిక్షణ లెవెల్ 1. ఇది లేకుండా గైడ్ శిక్షణలోకి తీసుకోరు. దాంతోపాటు అడవుల్లో, కొండల్లో ప్రథమచికిత్స కోర్సు చేయాలి, ఎనభై గంటల స్థాయిది. ఇవి చేతికొచ్చాక అసోసియేషన్ ఆఫ్ కెనడియన్ మౌంటెన్ గైడ్స్‌లో అప్రెంటిస్ స్కీ గైడ్, ఆపైన స్కీ గైడ్. హెలీ, క్యాట్ పనికే ప్రత్యేకించి శిక్షణ ఇచ్చే కెనడియన్ స్కీ గైడ్ అసోసియేషన్ కూడా ఉంది. దరఖాస్తుతో పాటు మీరు కొండల్లో గడిపిన రోజుల చిట్టా అడుగుతారు. తేదీ, చోటు, ఎత్తు, వాతావరణం, మీ బాధ్యత ఏమిటి, అన్నీ. మొదటి చలికాలం నుంచే రాసి పెట్టుకోనివాళ్ళు అక్కడ ఇబ్బంది పడతారు.

రాయి, హిమానీనదం, స్కీ మూడింటిలోనూ అర్హత పొందితే పర్వత గైడ్ల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్ఎంజీఏ గుర్తింపు దక్కుతుంది. మన పక్కన నేపాల్ అందులో సభ్యదేశం. అయితే హెలీ, క్యాట్ పనికి స్కీ గైడ్ అర్హత సరిపోతుంది.

కెనడాలో పని చేయాలంటే యజమాని మీ కోసం పర్మిట్ దారి నడవాలి. కొత్తవాళ్ళ కోసం ఆ శ్రమ తీసుకునే సంస్థలు తక్కువ. ఇంకో దారి ఆస్ట్రేలియా. 2024 నుంచి మన దేశపు 18 నుంచి 30 ఏళ్ళవాళ్ళకు అక్కడ ఏడాది పని చేస్తూ తిరిగే వీసా ఉంది, ఏటా వెయ్యి, లాటరీ పద్ధతి. రెండేళ్ళ పైచదువు, ఇంగ్లీషు కావాలి, అందుకే డిగ్రీ వదలొద్దన్నాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా థ్రెడ్‌బో, పెరిషర్, ఫాల్స్ క్రీక్ లాంటి చోట్ల చలికాలం. అక్కడ ఒక చలికాలం, ఇక్కడ ఒక చలికాలం కలిస్తే ఏడాదికి రెండు చలికాలాలవుతాయి. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళు ఈ ఒక్క దారిలోనే వెనకబాటు పూడ్చుకోగలరు.

గైడ్ ఉద్యోగం గ్యారంటీ, ఇంత కట్టండి అనే ఏజెంటు ఎవరైనా సరే, దణ్ణం పెట్టి వచ్చేయండి. ఈ ఉద్యోగం కొండ మీద మిమ్మల్ని చూసినవాళ్ళు ఇచ్చేదే. ఇంకో సంగతి, విదేశాల్లో గైడ్లు మామూలుగా వాడే శాటిలైట్ మెసేజింగ్ పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం. తిరిగొచ్చేటప్పుడు సంచిలో వేసుకు రాకండి.

హెలికాప్టర్ దగ్గర, క్యాట్ దగ్గర

హెలికాప్టర్ పద్ధతులు సంస్థే నేర్పుతుంది. ముందే తెలిసి ఉంటే మాత్రం మొదటి రోజు మిమ్మల్ని చూసే చూపు వేరుగా ఉంటుంది.

దిగే చోట అతిథులంతా సామానుతో ఒక్కచోట ముడుచుకుని మోకాళ్ళ మీద కూర్చోవాలి. హెలికాప్టర్ రెక్కల గాలికి లేచే మంచులో ఏమీ కనబడదు, ఎవరూ లేవకూడదు. స్కీలూ కర్రలూ ఒక్క కట్టగా కట్టి పడుకోబెట్టి ఉంచాలి. మోసేటప్పుడు నడుము కింద అడ్డంగా పట్టుకోవాలి, భుజం మీద పెట్టుకుంటే తల మీద తిరిగే రెక్కకు తగులుతాయి. టోపీ, తువ్వాలు, వదులు సంచి, ఏవీ గాలికి లేవకూడదు. పైలట్ చూసి తల ఊపాకే కదలాలి, ఎప్పుడూ ముందువైపు నుంచి, ఆయన కంటికి కనబడుతూ. వాలు పైనుంచి హెలికాప్టర్ వైపు దిగి రాకూడదు, అటువైపు రెక్క నేలకు దగ్గరగా తిరుగుతుంటుంది. తోక వైపు వెళ్ళే పని ఎవరికీ లేదు. ఎగరాలా వద్దా అన్న చివరి మాట పైలట్‌ది, ఆ మాట మీద వాదన ఉండదు. అంతా తెల్లగా కమ్మేసినప్పుడు నేల ఎక్కడుందో పైలట్‌కు తెలియదు, కింద కూర్చున్న గైడ్, కట్టిన సామాను, పాతిన జెండా ఆయనకు ఆనవాళ్ళు. మీరు కదిలితే ఆయన లెక్క కదులుతుంది.

క్యాట్ దగ్గర విషయం కొంచెం నిదానం. డ్రైవర్‌కు మీరు కనబడితేనే దగ్గరికి వెళ్ళాలి, చైన్ల పక్కన నిలబడకూడదు, వెనక్కి వస్తున్నప్పుడు అసలే వద్దు. పైకి పోయే ఆ కాసేపట్లో అతిథుల మొహాలు చూడండి. ఎవరు అలిసిపోయారు, ఎవరు మాట్లాడ్డం మానేశారు, ఎవరి చేతులు చల్లబడ్డాయి, తర్వాతి రన్ (కొండ దిగే దారి) ఎంత పొడవుండాలో అక్కడే తేలుతుంది.

మొదటి ఉద్యోగం

మొదట మిమ్మల్ని వెనక గైడ్‌గా పెడతారు. ముందు గైడ్ దారి తీస్తే, మీరు అందరి చివర దిగుతూ పడ్డవాళ్ళను లేపాలి, ఊడిన స్కీ వెతికిపెట్టాలి, లెక్క పెట్టుకోవాలి. చెట్ల మధ్య దిగేటప్పుడు ఇద్దరిద్దర్ని జతకట్టండి. పెద్ద దేవదారుల మొదట్లో కొమ్మల కింద మంచు గుల్లగా ఉంటుంది. తలకిందులుగా పడ్డవాడు తనంతట తాను బయటికి రాలేడు, జతగాడు పిలిచి చూసుకుంటుంటేనే తెలుస్తుంది.

పొద్దున గైడ్ల సమావేశంలో ఆ ప్రాంతంలోని రన్లన్నిటి జాబితా ముందు పెట్టుకుని ఏవి తెరవాలి, ఏవి మూయాలి తేల్చుకుంటారు. ఒక్క గైడ్ వద్దన్నా ఆ రన్ మూతే అనే పద్ధతి చాలాచోట్ల ఉంది. అందరికంటే చిన్నవాళ్ళైనా మీకు ఆ హక్కుంది. మన దగ్గర పెద్దల ముందు నోరు విప్పని అలవాటు మంచిదే కానీ ఆ గదిలో మాత్రం అది ప్రాణం తీస్తుంది. నిన్న ఆ వాలు మీద పగులు పాకడం మీరొక్కరే చూసి ఉండొచ్చు. చెప్పండి. కొండ మీదికి వెళ్ళాక జాబితాలో మూసిన రన్‌ను తెరవకూడదు, తెరిచినదాన్ని మూయొచ్చు. వేలకు వేల డాలర్లు కట్టిన అతిథి ఎంత బతిమాలినా ఈ నియమం మారదు.

వచ్చే చలికాలానికే మొదలుపెట్టదలిస్తే, ఆషాఢంలో కొండ దిగడం మొదలెట్టి, వినాయకచవితి నాటికి డాక్టరు చేత ఆరోగ్య పత్రం, కోర్సు దరఖాస్తు పూర్తి చేయండి, ప్రభుత్వ సంస్థల్లో సీట్లు త్వరగా నిండిపోతాయి. రైలు టికెట్టు ప్రయాణానికి అరవై రోజుల ముందు, రిజర్వేషన్ తెరవగానే తీసుకోండి. దీపావళి నాటికి పన్నెండు కిలోల సంచితో దుర్గం దిగగలగాలి. ప్రమాద బీమా తీసుకునేటప్పుడు స్కీయింగ్ వర్తిస్తుందని పాలసీ కాగితంలో రాసి ఉందో లేదో చదివి చూసుకోండి, మామూలు పాలసీల్లో అది మినహాయింపుల్లో ఉంటుంది. చలిబట్టలన్నీ ఇక్కడే కొనొద్దు. ఒంటికి అంటుకునే ఉన్ని లోపలి జతలు రెండు, మంచి చేతి తొడుగులు, కళ్ళకు గాగుల్స్ తీసుకుని మిగతావి శ్రీనగర్‌లోనో మనాలిలోనో అద్దెకు తీసుకోండి. సంక్రాంతి ఇంట్లో చేసుకుని కనుమ మర్నాడు బయల్దేరితే, జనవరి ఆఖరుకు మొదలయ్యే కోర్సు అందుతుంది, ఫిబ్రవరి మంచు మొత్తం మీ ముందు ఉంటుంది.